డ్రింక్ చేస్తారా? ఏమిటి?

ఆరోగ్యం గురించిన ఒక చిన్న కరపత్రాన్ని ఇంగ్లీషులోంచి తెలుగులోకి తెచ్చే పని ఈమధ్య నా నెత్తిన పడింది. నాలుగు పేజీలే కదా, ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. మూడో పేజీ దాకా అలాగే సాగింది కూడా. అక్కడ, నీళ్ళు బాగా తాగమని ఒక వాక్యం. రెండు వాక్యాలు దాటాక ‘ఇఫ్ యు డ్రింక్’ అంటూ మొదలయ్యే ఇంకో వాక్యం. రెండింటిలోనూ క్రియ ఒకటే. మొదటిదేమో ఇంకా తాగమంటుంది, రెండోది తగ్గించమంటుంది. రెండుచోట్లా ‘తాగు’ అనే పెట్టి పైకి చదువుకున్నాను. ‘నీళ్ళు బాగా తాగండి. తాగే అలవాటుంటే తగ్గించుకోండి.’ నవ్వొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు ఆ పేజీ కదల్లేదు.

కరపత్రం చివర ఒక ప్రశ్నావళి ఉంది. అందులో ‘డు యు డ్రింక్?’ అని ఒక ప్రశ్న, పక్కనే అవును, కాదు అని రెండు గళ్ళు. అది చూడగానే మా బాబాయి గుర్తొచ్చాడు. ఒకసారి ఆయన వెంట ఆసుపత్రికి వెళ్తే ఇలాంటి కాగితమే ఇచ్చారు. నేను ఒక్కో ప్రశ్నా చదువుతున్నాను, ఆయన జవాబు చెబుతున్నాడు. ఈ ప్రశ్న రాగానే తడుముకోకుండా ‘లేదు’ అన్నాడు. నేను కలం ఆపి ఆయన మొహంలోకి చూశాను. “అదేంటి బాబాయ్?” అన్నాను గొంతు తగ్గించి. “ఎప్పుడో నెలకోసారి స్నేహితులతో కూర్చుంటే అది తాగడమా ఏంట్రా? తాగడం అంటే వేరే” అన్నాడు. ఆయన గొంతులో అబద్ధం లేదు. ఆయనకు తెలిసిన భాషలో ఆ ప్రశ్నకు అదే నిజమైన జవాబు. నేను ‘కాదు’ గడిలోనే టిక్కు పెట్టాను. ఆ టిక్కు చాలాకాలం నన్ను గుచ్చుతూనే ఉంది.

కర్మ ఎక్కడికి పోయింది?

బడిలో చెప్పిన వ్యాకరణం ప్రకారం తాగడం సకర్మక క్రియ. తాగేవాడు ఉంటే తాగబడేది, అంటే కర్మ, ఉండాలి. కానీ ఇంగ్లీషులో ‘హి డ్రింక్స్’ అని కర్మ లేకుండా వాక్యం ముగిస్తే, ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది నీళ్ళూ కాదు, పాలూ కాదు. చెప్పకుండానే అది మద్యం అయిపోతుంది. ‘హి ఈట్స్’ అంటే ఇలా జరగదు. ఏదో తింటాడు, అంతే. ‘హి స్మోక్స్’ అన్నప్పుడు పొగాకు గుర్తొస్తుంది నిజమే, కానీ పొగలో ఎంపిక తక్కువ. తాగడానికి లోకంలో ఇన్ని ద్రవాలుండగా క్రియ ఒక్కదాన్నే పట్టుకోవడం నాకు మొదట ఇంగ్లీషువాళ్ళ టక్కరితనంలా కనిపించింది. మద్యమే మామూలు పానీయం, మిగతావన్నీ పేరు పెట్టి చెప్పుకోవాల్సినవి అన్నట్టు. ఆ కోపంతోనే ఈ వ్యాసం మొదలుపెట్టాను కూడా.

కోపం ఎక్కువసేపు నిలవలేదు. భాషల మీద ఆసక్తి ఉన్న ఒక మిత్రుడికి ఈ మాట చెబితే, “మరి మనం ‘వాడు తాగుతాడు’ అంటే మజ్జిగ అనుకుంటావా?” అన్నాడు. నిజమే. మన తాగుడుకీ కర్మ లేదు, తాగుబోతుకీ లేదు. జర్మన్లో ‘ఎర్ ట్రింక్ట్’ అన్నా, ఫ్రెంచిలో ‘ఇల్ బ్వా’ అన్నా, హిందీలో ‘పీతా హై’ అన్నా, రష్యన్లో ‘ఓన్ ప్యోత్’ అన్నా తేలేది అదే. సంస్కృతంలో పానశాల అంటే చలివేంద్రం కాదు. ఇన్ని భాషలు ఒకే గోతిలో పడ్డాయంటే తప్పు ఇంగ్లీషుది కాదు.

కారణం నేను ఊహించుకున్నది ఇది. నీళ్ళు తాగని మనిషి ఉండడు. కాబట్టి ‘ఆయన తాగుతాడు’ అని ఎవరైనా పనిగట్టుకుని చెబితే, వినేవాడు ‘ఇది నాకు ఎందుకు చెబుతున్నట్టు?’ అని వెతుక్కుంటాడు. ‘ఆయన ఊపిరి పీలుస్తాడు’ అన్నా ఇలాగే ఆగి ఆలోచిస్తాం. అందరూ చేసేదాన్ని పక్కన పెట్టి, కొందరే చేసేదాన్ని పట్టుకుంటాం. ‘ఆ గుమాస్తా తింటాడు’ అంటే అన్నం అనుకోం కదా, లంచమే అనుకుంటాం. అంటే మద్యం మామూలు పానీయం కావడం వల్ల కాదు, కాకపోవడం వల్లే ఆ ఖాళీలో చేరింది. నా మొదటి ఆరోపణ సరిగ్గా తిరగబడింది.

అయినా చిక్కు తీరలేదు. భాష ఖాళీ వదలడం తప్పు కాకపోవచ్చు. ఆ ఖాళీ మీద అవును, కాదు అని రెండు గళ్ళు కట్టడం మాత్రం తప్పే.

ప్రశ్నలో ఉన్న కాలం

‘డు యు డ్రింక్?’ అన్నది ఏం అడుగుతోందో చూడండి. నిన్న తాగారా అని కాదు, ఇప్పుడు తాగుతారా అని కాదు. మన వ్యాకరణంలో తద్ధర్మం అంటామే, అలాంటిది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, చేప ఈదుతుంది, నేను తాగుతాను. ఒక పని గురించి అడుగుతున్నట్టు కనిపిస్తూ, ఒక స్వభావం గురించి అడుగుతుంది. అందుకే బాబాయి తన స్వభావం గురించి జవాబిచ్చాడు. ఏడాదికి ఒక గ్లాసు పుచ్చుకునే మనిషీ, రోజుకో సీసా ఖాళీ చేసే మనిషీ ఆ ప్రశ్నకు ఒకే ‘అవును’ చెప్పాలి. లేదా మొదటివాడు మొహమాటపడి ‘కాదు’ చెప్పాలి. ఎలా చూసినా అడిగినవాడికి దక్కేదేమీ లేదు.

తెలుగులో ఇంకో మెలిక ఉంది. ‘తాగుతారా?’ అన్న ఒక్క మాటే ఆరా, ఆహ్వానం కూడా. గ్లాసు చేతిలో పట్టుకుని అడిగితే మర్యాద, కాగితం చేతిలో పట్టుకుని అడిగితే విచారణ. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీసింది. ఆహ్వానానికి ‘విల్ యు హావ్ ఎ డ్రింక్?’, ఆరాకు ‘డు యు డ్రింక్?’. మొదటిదాన్లో డ్రింక్ నామవాచకం, చేతిలో పట్టుకోగలిగిన ఒక వస్తువు. రెండోదాన్లో క్రియ, మనిషికి అంటుకునే ఒక గుణం. ‘హి హాడ్ ఎ డ్రింక్’ అంటే ఎవరూ కనుబొమ్మలు ఎగరెయ్యరు. ‘హి డ్రింక్స్’ అని కొంచెం ఒత్తి పలికితే చాలు, ఆ మనిషి సంసారం అంతా కళ్ళ ముందు కదులుతుంది.

‘ఐ డోంట్ డ్రింక్’ సంగతీ చెప్పుకోవాలి. నాకు ఈత రాదు అంటే ఎవరూ కారణం అడగరు. ఈ మాట అంటే మాత్రం ‘ఎందుకు?’ అని వెంటనే వస్తుంది. ఆరోగ్యమా, మతమా, ప్రతిజ్ఞా, లేక గతంలో ఏదైనా కథ ఉందా? చెయ్యని పనికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన సందర్భాలు తక్కువ. ఇది అందులో ఒకటి.

మనం అరువు తెచ్చుకున్న ముక్క

ఇక్కడ నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది వేరే. ఇంగ్లీషు క్రియను మనం అరువు తెచ్చుకున్నాం గానీ మొత్తం తెచ్చుకోలేదు. ‘దాహం వేసి నీళ్ళు డ్రింక్ చేశాను’ అని ఎవరూ అనరు. (అనేవాళ్ళు ఎక్కడైనా తయారై ఉంటే వాళ్ళ మానాన వాళ్ళను వదిలేద్దాం.) ‘డ్రింక్ చేస్తాడు’ అంటే మద్యం ఒక్కటే. అంటే ఇంగ్లీషులో సందర్భాన్ని బట్టి తేలే అర్థం తెలుగులోకి వచ్చేసరికి గడ్డకట్టింది.

ఎందుకు తెచ్చుకున్నామో ఊహించడం కష్టం కాదు. మన ‘తాగుతాడు’లో తిట్టు ఉంది. ‘మా తమ్ముడు తాగుతాడు’ అంటే అది ఫిర్యాదు. ‘మా తమ్ముడు డ్రింక్ చేస్తాడు’ అంటే సమాచారం. తాగేది అదే సరుకు, అంతే మోతాదు. మొదటివాడు గోడ పట్టుకుని నడుస్తూ కనిపిస్తాడు, రెండోవాడు ఇస్త్రీ చొక్కాలో సోఫా మీద కూర్చుని కనిపిస్తాడు. ఎవరిని ఏ క్రియతో చెబుతామో గమనిస్తే, మనం మద్యాన్ని కొలవడం లేదని, మనిషి హోదాను కొలుస్తున్నామని తెలిసిపోతుంది. జీతం పెరిగితే తాగుడు డ్రింకింగ్ అవుతుంది, దాని ముందు ‘సోషల్’ అన్న పదం కూడా చేరుతుంది. ఈ విషయంలో మాత్రం నా కోపం చల్లారలేదు.

పోనీ మనకున్న మిగతా మాటలతో పని జరుగుతుందా అంటే, అదీ లేదు. ‘మందు’ అందరికీ తెలిసిన మాటే. కానీ ఆరోగ్య కరపత్రంలో ‘మీరు మందు తీసుకుంటారా?’ అని రాస్తే బీపీ మాత్ర వేసుకునే ప్రతివాడూ అవును అంటాడు. పొలంలో కొట్టే మందు వేరే ఉండనే ఉంది. ‘పుచ్చుకుంటారా?’ అనడంలో మర్యాద ఉంది, స్పష్టత లేదు. సారా అంటే ఒక్క రకమే. చివరికి మిగిలేది ‘మద్యం’. అందరికీ అర్థమవుతుంది, ఎవరి నోటా రాదు. హెచ్చరికల మీద తప్ప కనిపించని మాటతో ఒక మనిషిని పలకరించడం నాకు ఇష్టం లేకపోయింది. అయినా అదే రాశాను. దాని సంగతి చివర్లో.

ఒక డ్రింక్ అంటే ఎంత?

ఈ ఖాళీ గురించి నేనొక్కణ్ణే తల బద్దలు కొట్టుకోవడం లేదని తర్వాత తెలిసింది. మద్యం వాడకాన్ని అంచనా వెయ్యడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది, ఆడిట్ అంటారు. 1989 నుంచి వాడుకలో ఉంది. అందులో మొదటి ప్రశ్న ‘మీరు తాగుతారా?’ కాదు. ఆల్కహాల్ ఉన్న డ్రింక్ ఎంత తరచుగా తీసుకుంటారు అని. రెండోది, తీసుకున్న రోజున మామూలుగా ఎన్ని తీసుకుంటారు అని. ‘ఆల్కహాల్ ఉన్న’ అని ఇంగ్లీషులోనే, ఇంగ్లీషు తెలిసినవాళ్ళ కోసమే రాయాల్సి వచ్చింది. కర్మను తెచ్చి దాని చోట కూర్చోబెట్టారు. అవును, కాదు తీసేసి లెక్క అడిగారు. బాబాయికి ఆ రోజు ఈ ప్రశ్న ఎదురై ఉంటే ‘నెలకోసారి’ అనేవాడు, సంకోచించకుండా.

కానీ లెక్క అడగ్గానే ఇంకో సమస్య. ఎన్ని డ్రింకులు అంటే, ఒక డ్రింక్ ఎంత? అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. సుమారుగా 5 శాతం బీరైతే 355 మిల్లీలీటర్లు, 12 శాతం వైనైతే దాదాపు 150, 40 శాతం విస్కీలాంటిదైతే 44. ఆస్ట్రేలియాలో ప్రామాణిక డ్రింక్ 10 గ్రాములే. బ్రిటన్లో డ్రింక్ అనకుండా యూనిట్ అంటారు, అది 8 గ్రాములు. వారానికి 14 యూనిట్లు దాటవద్దని 2016 నుంచి అక్కడి సలహా. అంటే 112 గ్రాములు. అమెరికా కొలతలో అవి సరిగ్గా 8 డ్రింకులు. ‘వారానికి 14’ అన్న అంకెను యూనిట్ అన్న మాట జారవిడిచి ఇంకో దేశానికి మోసుకుపోతే సలహా దాదాపు రెట్టింపవుతుంది. నా కరపత్రంలో ఈ అంకెలేవీ లేవు, ఉంటే ఏం చేసేవాణ్ణో.

పైగా ఇవేవీ చేతిలోని గ్లాసు కొలతలు కావు. ఇంట్లో సీసా వంచేవాడు 44 మిల్లీలీటర్లు కొలిచి వంచడు. ‘రెండే డ్రింకులు’ అన్నవాడి రెండు, కొలతపాత్రలో పోస్తే నాలుగున్నరా కావచ్చు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది. దాంతో కొందరు, ఇంక ఈ డ్రింకుల లెక్కంతా దేనికి, ఒక్క చుక్క అన్నా అవునే కదా అంటున్నారు. అలా అయితే పాత రెండు గళ్ళ ప్రశ్నే మేలు కదా అని నాకూ ఒక క్షణం అనిపించింది. కానీ సురక్షితం కాకపోవడం వేరు, ప్రమాదం అందరికీ ఒకేలా ఉండడం వేరు. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందన్నది ఆ ప్రకటన మాటే. అప్పుడు లెక్కే ముఖ్యం.

డ్రింకా, డ్రంకా?

చట్టాల దగ్గర ఇదే గొడవ ఇంకో రూపంలో కనిపిస్తుంది. తాగి బండి నడపడాన్ని బ్రిటన్లో ‘డ్రింక్ డ్రైవింగ్’ అంటారు, అమెరికాలో ‘డ్రంక్ డ్రైవింగ్’ అంటారు. ఒక్క అక్షరం తేడా. బ్రిటన్ మాట తాగడాన్ని పట్టుకుంది, అమెరికా మాట మత్తెక్కడాన్ని. బ్రిటన్లో 1872 నాటి లైసెన్సింగ్ చట్టం, బండీ గుర్రమూ పశువులూ ఆవిరి యంత్రమూ వెంట ఉండగా ‘డ్రంక్’గా ఉండడం నేరమంది. ఎంత తాగితే డ్రంక్ అన్నది చూసేవాడి కంటికి వదిలేసింది. 1967లో రోడ్డు భద్రతా చట్టం వచ్చి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ అని గీత గీసింది. ఆ తర్వాత తూలుతున్నాడా లేదా అన్నది పక్కకు పోయింది. నాకైతే ‘డ్రింక్ డ్రైవింగే’ నిజాయితీగా ఉన్న మాట అనిపిస్తుంది. ‘నేను డ్రంక్ కాదు’ అని ప్రతివాడూ తనతో తాను వాదించుకోగలడు. ‘నేను డ్రింక్ చెయ్యలేదు’ అని వాదించుకోవడం కొంచెం కష్టం.

మనం ఈ రెండింటినీ కలిపి ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ అన్నాం. ‘డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు’ అంటే తెలుగు పత్రిక చదివేవాళ్ళెవరికీ వివరించక్కర్లేదు. ఇంగ్లీషు వ్యాకరణం తెలిసినవాళ్ళు నొసలు ముడుస్తారు, ఒకటి విశేషణం, ఒకటి క్రియ, మధ్యలో ‘అండ్’ ఎలా అని. నాకు మాత్రం అందులో ఒక వరస కనిపిస్తుంది: ముందు డ్రంక్, తర్వాత డ్రైవ్. తాగి నడపడం అన్న మన క్త్వార్థకాన్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాం, అంతే.

‘డ్రంక్’కు ఇంకో కథ ఉంది. అది ‘డ్రింక్’కు భూతకాల విశేషణ రూపం. అందుకని ‘నీళ్ళు తాగేశాను’ అనడానికి కూడా ‘ఐ హావ్ డ్రంక్’ అనాలి. పదిహేడు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా చాలామంది దాన్ని తప్పించుకుని ‘ఐ హావ్ డ్రాంక్’ అని రాసేవారు. మత్తు వాసన తగలకుండా ఉండడానికే కావచ్చని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు అనుమానం. నీళ్ళు తాగిన మనిషి కూడా అపవాదుకు భయపడాల్సి వచ్చిందన్నమాట. మత్తుకు మారుపేర్లు మాత్రం కోకొల్లలు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1737లో తన పత్రికలో అలాంటివి రెండొందలకు పైగా పోగేసి అచ్చువేశాడు.

పొగ తాగిన ఇంగ్లీషు

ఈ మాట వెనక్కి పోతే ఇంత ఇరుగ్గా లేదు. పాత ఇంగ్లీషులో ‘డ్రిన్‌కన్’. దానికి ప్రేరణార్థకం, అంటే ‘తాగించు’ అనే రూపం, ఇప్పటి ‘డ్రెంచ్’. వానలో తడిసి ముద్దవడానికి వాడుతున్న మాట అసలు అర్థం తాగించడం. పశువుల డాక్టర్లు ఇప్పటికీ గొర్రెల గొంతులో మందు పొయ్యడాన్ని డ్రెంచింగ్ అనే అంటారు.

నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం ఇంకొకటి. మనం సిగరెట్ తాగుతాం, చుట్ట తాగుతాం. ఇంగ్లీషు చదువుకున్న కొత్తలో దీన్ని చూసి మనవాళ్ళను మనమే ఎగతాళి చేసుకున్నాం, పొగను తాగడమేమిటని. పొగాకు యూరప్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1600 ప్రాంతాల్లో, ఇంగ్లీషువాళ్ళూ ‘డ్రింక్ టొబాకో’ అనే అనేవారు. తర్వాత ‘స్మోక్’ స్థిరపడింది. టర్కీవాళ్ళు, అరబ్బులు, మనం తాగుతూనే ఉన్నాం. లోపలికి పీల్చుకునేదేదైనా తాగడమే అన్న విశాలమైన అర్థం ఒకప్పుడు వాళ్ళకూ ఉండేది. ‘డ్రింక్ ఇన్’ అని ఒక దృశ్యాన్ని కళ్ళతో తాగడంలో దాని జాడ ఇంకా మిగిలింది.

గ్రీకుల ‘సింపోజియం’ అంటే కలిసి తాగడం. మన సంస్కృతంలో దానికి అచ్చంగా సరిపోయే మాట పానగోష్ఠి. సింపోజియం ఇవాళ పత్ర సమర్పణల సభ. మనమూ ముందున్న పానాన్ని వదిలేసి గోష్ఠిని సాహిత్య సభలకు ఇచ్చుకున్నాం. డ్రింక్‌లో ఉన్నట్టుండి మద్యం వచ్చి చేరినట్టే, వీటిలోంచి ఉన్నట్టుండి మద్యం మాయమైంది.

కరపత్రానికి తిరిగొస్తే

మిత్రుడు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ ఖాళీ ఒక మర్యాద అని. పేరు చెప్పకుండా అడగడం వల్లే ఎదుటివాడు తల వంచుకోకుండా జవాబిస్తాడని, నేను ‘మద్యం’ అని మొహాన కొడితే నోరే విప్పడని. ఇది కొట్టిపారెయ్యగలిగిన మాట కాదు. ఇద్దరు మనుషుల మధ్య కబుర్లలో ఆ ఖాళీని అలాగే ఉండనివ్వాలని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ ‘అలవాటుందా?’ అన్నా చాలు, ఏ అలవాటో చెప్పక్కర్లేదు. కానీ జవాబును బట్టి మాత్ర మోతాదు మారే చోట, మత్తుమందు ఇచ్చే ముందు, మర్యాద పేరుతో కర్మను దాచడం అడిగేవాడి సౌకర్యం కోసమే అనిపిస్తుంది.

‘మద్యం, అంటే బీరు, వైన్, విస్కీలాంటివి, ఎన్నాళ్ళకోసారి తీసుకుంటారు? తీసుకున్న రోజు ఎన్ని గ్లాసులు?’ అని రాసి పంపాను. పొడవైందని వెనక్కి వచ్చింది. పక్కన సూచన కూడా రాశారు: ‘డ్రింక్ చేస్తారా? అంటే సరిపోతుంది కదా.’ నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగాక నాదే ఉంచారు, గడి కాస్త వెడల్పు చేసి.

అచ్చుకు పోయేముందు బాబాయికి చదివి వినిపించాను. ఈసారి తప్పించుకోలేదు. “నెలకు ఒకసారి. రెండు. ఒక్కోసారి మూడు” అని వేళ్ళు మడిచాడు. నేను రాసుకుంటుంటే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

“ఇంతకీ గ్లాసు అంటే ఎంత గ్లాసురా?”